ఇప్పుడే రాడు

పోయిన వారం మనం పెద్దక్కను కళ్ళజోళ్ళ షాపులో వదిలిపెట్టి వచ్చాం. షట్టరు సగం దించి, చేతిలో ఫోను పట్టుకుని, అడుగు ముందుకు పడక నిలబడి ఉంది. ఫోనులో మిణుగురు పంపిన కబురు: "రేపు పదకొండింటికి మీ షాపుకొస్తున్నానక్కా. ఒక్కదాన్నే కాదు, అమ్మను కూడా తీసుకొస్తున్నా."

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు. పెద్దక్క అన్నది ఆమెకు అభిమానుల గుంపు పెట్టిన పేరు. పగలు మేనమామ షాపులో వచ్చినవాళ్ళ చూపు పరీక్షించి, ఫ్రేములు బిగిస్తుంది. తీరిక దొరికినప్పుడు ఒక జపనీస్ బొమ్మల కథను, అదే మాంగాను, తెలుగు చేసి ఆ గుంపులో పెడుతుంది. చెయ్యమని ఎవరూ అడగలేదు. చదివాక ఒక్కతే దాచుకోలేక మొదలుపెట్టింది. ఏడు దీవుల మధ్య ఉత్తరాలు మోసే పడవ నడిపే ఒక అన్న, రేవులో కూర్చుని అతని కోసం కాచుకునే ఒక చెల్లెలు. ఇదీ ఆ కథ. నెలకు రెండు భాగాలు వస్తాయి. ఇంకే భాషలోకీ రాలేదు కాబట్టి గుంపులోని రెండు వందల మందికీ పెద్దక్క ఏం రాస్తే అదే కథ.

అరవై మూడో భాగంలో పడవ మునిగింది. రేవులో చెల్లెలికి ఒక ఉత్తరం అందింది. ఉత్తరంలో ఒకటే మాట. "ఇక రాడు." సరిగ్గా ఆ వారమే, గుంపులో మిణుగురు అనే పేరుతో ఉండే పిల్ల వాళ్ళ అన్నయ్య మూడు రోజుల జ్వరంతో పోయాడు. ఆ కథను వాళ్ళింట్లోకి తెచ్చినవాడు అతనే. "అక్కా, పడవ అన్న క్షేమమే కదా? అదొక్కటి చెప్పు, ఇంకేం అడగను" అని ఆ పిల్ల రాసింది. ఉన్నదున్నట్టు రాయడానికి పెద్దక్కకు చెయ్యి రాలేదు. "ఇక" తీసేసి "ఇప్పుడే" అని పెట్టింది. ఇప్పుడే రాడు. రెండక్షరాల చోట మూడక్షరాలు.

ఆ మూడక్షరాలను నిలబెట్టడానికి ఎనిమిది నెలలుగా ఆమె పడని పాట్లు లేవు. బొమ్మల్లో జనం ఏడుస్తుంటే, సంతోషం పట్టలేక ఏడుస్తున్నారని రాసింది. ఊరు ఊరంతా నల్లబట్టల్లో కనిపిస్తే, వానాకాలం కదా అని రాసింది. ఇప్పుడు డెబ్బై తొమ్మిదో భాగం వచ్చి కూర్చుంది. అందులో ఒక పేజీ నిండా సమాధి రాయి. రాయి మీద పడవ అన్న టోపీ. దానికి ఏం రాయాలో పెద్దక్కకు పాలుపోవడం లేదు. ఇంతలో మిణుగురు కబురు.

*

తెల్లారాక పెద్దక్క షాపుకి గంట ముందే వచ్చేసింది. పరీక్షకు వాడే అద్దాల పెట్టె తెరిచి, ఒక్కో అద్దాన్నీ తీసి తుడవడం మొదలుపెట్టింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

"ఏమే, అలా తుడిస్తే నెంబర్లు కూడా అరిగిపోతాయే," అన్నాడు మేనమామ వెనక గదిలో అద్దాలు అరగదీసే సానయంత్రం దగ్గర్నుంచి. ఆయనకు నోరు ఊరుకోదు. పొద్దున షాపు తెరిచింది మొదలు మూసేదాకా చేతులతో పాటు నోరు కూడా పని చేస్తూనే ఉంటుంది.

"ఎవరో తెలిసినవాళ్ళు వస్తున్నారు మావయ్యా."

"నీ బొమ్మల పుస్తకాల బాపతా?"

"ఆ."

"రానీ, రానీ. బొమ్మలు చూసి చూసి కళ్ళు పోగొట్టుకుని ఉంటారు. మన వ్యాపారానికి మంచిదేగా," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

పెద్దక్కకు నవ్వు రాలేదు. మిణుగురు ఎందుకొస్తోందో ఊహించుకుంటూనే ఆమెకు తెల్లారింది. అమ్మను ఎందుకు తెస్తోంది? తెలిసిపోయిందా? తెలిస్తే ఫోనులోనే కడిగేసేది కదా? ఒకవేళ ఊరికే చూసి పోదామనే వస్తున్నారేమో. ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ దాన్ని పట్టుకుని కాసేపు ఊపిరి పీల్చుకుంది.

పదకొండు కాకముందే అద్దాల తలుపు తెరుచుకుంది. ముందు తల్లి వచ్చింది. పొట్టి మనిషి. నడకలో హడావుడి. జాకెట్టు భుజం దగ్గర దారం ఎక్కించిన సూదులు రెండు గుచ్చి ఉన్నాయి, తియ్యడం మరిచిపోయినట్టుంది. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ గుడ్డ పట్టీలు. బట్టలు కుట్టే కార్ఖానాలో కోట్లకు చేత్తో కాజాలు కుట్టడం ఆమె పని. వెనక మిణుగురు. మాటల్లో ఎంతో పెద్దదనిపించే ఆ పిల్ల, చూస్తే ఇరవై ఏళ్ళకు అటూ ఇటూగా ఉంది. లోపలికి వచ్చినప్పటి నుంచీ తలెత్తి పెద్దక్క మొహం చూడలేదు. తెలిసిపోయిందనుకుంది పెద్దక్క.

"నువ్వేనా తల్లీ పెద్దక్కవి?" తల్లి కౌంటరు మీదుగా రెండు చేతులూ చాపి పెద్దక్క చేతులు పట్టేసుకుంది. "పేరు విని నా ఈడుదానివేమో అనుకున్నా! దీన్ని అడిగితే, నేనూ చూళ్ళేదమ్మా అంటుంది. ఇన్నేళ్ళ నుంచి మాట్లాడుకుంటున్నారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదా అని నేను ఒకటే నవ్వు."

"కూర్చోండి పిన్నిగారూ," అంది పెద్దక్క.

"కూర్చుంటా గానీ, ముందు ఇది తీసుకో." సంచిలోంచి సంచే తీసింది ఆవిడ. భుజానికి తగిలించుకునే గుడ్డ సంచి. నీలం రంగు గుడ్డ మీద తెల్లదారంతో పడవ కుట్టి ఉంది. పడవలో ఇద్దరు మనుషులు. తెరచాప మాత్రం పడవకు బెత్తెడు దూరంలో, దేనికీ అంటకుండా గాల్లో ఉంది. "చూసి నవ్వకు. కళ్ళు ఆనడం లేదు, కుట్లు ఎక్కడికో పోతున్నాయి. మీ గుంపులో ఒకళ్ళకొకళ్ళు బొమ్మలనీ కీచైన్లనీ చేసి పంపుకుంటారటగా? మావాడికి ఎన్ని వచ్చాయో! డబ్బా నిండా ఉన్నాయి ఇంట్లో. వాడు అందరి దగ్గరా పుచ్చుకోవడమే గానీ, తిరిగి ఇచ్చింది ఒక్కటి లేదు. బద్ధకం వెధవ. వాడి తరఫున ఇది నేను కుట్టా. నీకే మొదటిది."

పెద్దక్క ఆ సంచిని రెండు చేతులా తీసుకుంది. పడవలోని ఇద్దరు మనుషులకూ కళ్ళు, నోరు లేవు. చేతులు మాత్రం పైకెత్తి ఊపుతున్నారు. బాగుందని చెప్పాలి. బాగుందనే చెప్పింది. ఏ మాటతో చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

"ఇంతకీ పని ఏంటంటే," ఆవిడ కుర్చీలో సర్దుకుంది, "నాకు జోడు కావాలి. రెండు నెలల నుంచి ఇది నాకు కథ చదవడం మానేసిందమ్మా. గొంతు నొప్పంటుంది. పరీక్షలంటుంది. వాళ్ళన్న ఉండగా, నేను కాజాలు కుడుతుంటే పక్కన కూర్చుని గొంతులు మార్చి మార్చి చదివేవాడు. వాడి తర్వాత ఇదే చదివేది. ఇప్పుడేమో అడిగితే మొహం తిప్పుకుంటుంది. దీన్ని బతిమాలే బదులు నా అంతట నేనే చదువుకుంటే పోలా? అక్షరం ముక్క రాని దాన్ని కాదుగా! మంచి షాపు చూడమంటే, పెద్దక్క షాపుకే పోదాం పదమంది."

పెద్దక్క మిణుగురు వైపు చూసింది. మిణుగురు గోడకున్న ఫ్రేముల వైపు చూస్తోంది.

మేనమామ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "రండమ్మా, ముందు మీ మొహానికి ఏ ఫ్రేము నప్పుతుందో చూద్దాం. నెంబరుదేముంది, అది మా పిల్ల చూసుకుంటుంది. ఫ్రేము ఎంచుకోవడమే అసలు సంగతి," అంటూ ఆవిడను నిలువుటద్దం దగ్గరికి తీసుకుపోయాడు.

*

పరీక్ష గది అంటే పెద్ద గదేమీ కాదు. చెక్క అడ్డు కట్టి, తెర వేలాడదీసిన చోటు. ఒక కుర్చీ, ఎదుటి గోడకు అక్షరాల పట్టీ, పక్కన బల్ల మీద అద్దాల పెట్టె. తెర పడగానే మిణుగురు తలెత్తింది.

"చచ్చిపోయాడు కదక్కా," అంది.

పెద్దక్క తెరను ఇంకాస్త దగ్గరికి లాగింది.

"అరవై మూడులోనే చచ్చిపోయాడు. అవునా?"

"నీకెవరు..."

"నువ్వే. నువ్వే నేర్పావు. ప్రతి భాగం చివర రెండేసి జపనీస్ అక్షరాలు పెట్టి, వీటి అర్థం ఇదీ అని రాసేదానివి కదా. నేనవన్నీ ఒక నోటుబుక్కులో ఎక్కించుకున్నా. తర్వాత పుస్తకాలు తెచ్చుకున్నా. అన్నయ్య పోయాక నాకు వేరే పనేముంది? నీ పుట్టినరోజుకి ఆ భాషలోనే నీకు ఉత్తరం రాసి నిన్ను ఆశ్చర్యపరచాలనుకున్నా." ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి బయటికి చెవి ఒగ్గింది. "రెండు నెలల కింద అసలుది తెప్పించుకున్నా. నాకు బాగా ఇష్టమైన చోటు తీశా. ఆ ఉత్తరం పేజీ. ముందు నాకే చదవడం రాలేదనుకున్నా. మూడుసార్లు నిఘంటువు చూశా. నాకే రాలేదు, పెద్దక్క తప్పు రాయదు, అని నాలుగోసారి కూడా చూశా."

బయట మేనమామ గొంతు వినిపిస్తోంది. "గుండ్రటిది మీకు నప్పదమ్మా, ఇదుగో ఈ పలకది పెట్టి చూడండి."

"తిట్టవే," అంది పెద్దక్క.

"తిట్టాలనే అనుకున్నా. బస్సెక్కినప్పట్నుంచీ మాటలు కూడబలుక్కుంటూనే వచ్చా." మిణుగురు కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "ఆ వారం నేను మంచం దిగలేదక్కా. నువ్వు ఆ భాగం పెట్టాకే లేచా. పడవ అన్న ఇప్పుడే రాడంట, ఆలస్యమవుతుందంట అని అమ్మకి చదివి వినిపించా. ఇద్దరం అన్నం తిన్నాం ఆ రోజు. అప్పుడు ఆ ఓదార్పు పుచ్చుకున్నా కదా, ఇప్పుడు నిన్ను అనడానికి నోరు రావడం లేదు. నాతోనే అయిపోతే నేను మింగేసి ఊరుకునేదాన్ని. కానీ అమ్మ..."

"అమ్మకు నువ్వు చెప్పలేదా?"

"ఎలా చెప్పను? ఏమని చెప్పను? అబద్ధమని తెలిశాక దాన్ని గొంతులు మార్చి చదవడం నా వల్ల కాలేదక్కా. అందుకే మానేశా. మానేస్తే తనే మర్చిపోతుందనుకున్నా. చూడు, కళ్ళజోడు కొనుక్కుంటానని బయల్దేరింది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"తెలీదు. నాకు తెలిస్తే ఇంతదూరం నీ దగ్గరికి ఎందుకు తీసుకొస్తా? నువ్వు పెద్దదానివి కదా, నీకేదైనా తోస్తుందనుకున్నా." అప్పుడే మొదటిసారి ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకూ ఏం తోచడం లేదు కదూ?"

లేదు. పెద్దక్కకు ఏమీ తోచడం లేదు. ముప్పై రెండేళ్ళొచ్చి, రెండు వందల మందికి అక్కనని అనిపించుకుని, ఎదురుగా నిలబడ్డ ఒక్క పిల్లకు చెప్పడానికి మాట లేదు. ఆమె చెయ్యి చాపి మిణుగురు భుజం మీద వెయ్యబోయింది. ఇంతలో తెర పక్కకు జరిగింది.

"ఇదుగో, పలకదే ఖాయం చేశాం," తల్లి ఫ్రేము ఊపుతూ లోపలికి వచ్చింది. "ఏంటే, అప్పుడే అక్కని ఏడిపిస్తున్నావా?"

*

పన్నెండేళ్ళుగా చేస్తున్న పని కాబట్టి పెద్దక్క చేతులు వాటంతట అవే కదిలాయి. బరువైన పరీక్ష ఫ్రేము ఆవిడ ముక్కు మీద ఆనించింది. ఒక కన్ను మూసింది. అద్దం వేసింది, తీసింది, ఇంకోటి వేసింది.

"ముందుది బాగుందా, ఇది బాగుందా?"

"ఇదే."

"ఇప్పుడు?"

"ఇంకా నయం. అయ్యో, గోడ మీద ఈగ కూడా కనిపిస్తోంది!"

కుడికన్ను అయింది, ఎడమకన్ను అయింది. దగ్గరి చూపు పరీక్షించడానికి చిన్నక్షరాల అట్ట చేతికిచ్చింది. ఆవిడ అట్టను ముందు చాచిన చేతి దూరాన పట్టుకుంది. తర్వాత మెల్లగా దగ్గరికి తెచ్చుకుంది.

"నీతో ఒక మాట చెప్పనా తల్లీ," అంది, అట్ట మీంచి చూపు తిప్పకుండానే. "దీనికి నా గురించి భయం. నాకు పిచ్చెక్కిందనుకుంటోంది. ఆ పడవబ్బాయి వస్తే మావాడు వచ్చినట్టేనని నేను అనుకుంటున్నానని దీని అనుమానం. అదేం కాదు. మావాడు రాడు. నేనే కదా సాగనంపింది. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ చెల్లెలు పిల్ల రోజూ రేవుకి పోయి కూర్చుంటుంది చూడు, దానికైనా వాడొస్తే బాగుండునని. ఎక్కడో ఒకచోట ఒకడైనా తిరిగి ఇంటికొచ్చాడని వింటే బాగుండునని. అంతే. అదేమన్నా తప్పా?"

"తప్పేముంది పిన్నిగారూ," అంది పెద్దక్క. తెర దగ్గర నిలబడ్డ మిణుగురు అటు తిరిగిపోయింది.

నెంబరు తేలింది. రెండు కళ్ళకూ ఒకటే, మూడున్నర. పెద్దక్క చీటీ తీసుకుని పెన్ను పెట్టింది. పెట్టాక చెయ్యి ఆగింది.

రెండు అని రాయొచ్చు. ఎవరికీ అనుమానం రాదు. అలికినట్టే కనిపిస్తుంది. ఆవిడ మళ్ళీ వస్తుంది, మళ్ళీ చూద్దాం అనొచ్చు. నెలో, రెండు నెలలో గడుస్తాయి. ఈలోగా ఏదో ఒకటి తోస్తుంది. ఒక అంకె మారిస్తే సరిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు పెద్దక్కకు తన మీద తనకే రోత పుట్టింది. ఆవిడ పొద్దున్నించి సాయంత్రం దాకా సూదితో పని చేసే మనిషి. వేళ్ళకున్న గుడ్డ పట్టీలు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి. మూడున్నర అనే రాసింది. కానీ తలెత్తి, "పది రోజులు పడుతుంది పిన్నిగారూ. ఈ నెంబరు పైనుంచి తెప్పించాలి," అంది.

"పది రోజులా!" ఆవిడ మొహం చిన్నబోయింది.

మిణుగురు చప్పున పెద్దక్క వైపు తిరిగి చూసింది. ఆ చూపులో కోపం లేదు, కాస్త ఆశ కనిపించింది. పది రోజులంటే పది రోజులే కదా అన్నట్టు.

తెర అవతలి నుంచి మేనమామ చెయ్యి లోపలికి వచ్చి చీటీ అందుకుంది. "మూడున్నరా? రెండు కళ్ళకూ ఒకటేనా? ఎక్కడి నుంచో తెప్పించడమేంటే, నీకు మతి గానీ పోయిందా! సొరుగులో జతలు పడున్నాయి. అమ్మా, మీరు కాస్త మంచినీళ్ళు తాగేలోపు సానపట్టి ఇచ్చేస్తా. ఇంత దూరం వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపిస్తామా?"

"మావయ్యా, అది కాదు..."

"నువ్వుండవే. పొద్దున్నించి చూస్తున్నా, నీ మనసు ఇక్కడ లేదు." సానయంత్రం గిర్రున మొదలైంది. పెద్దక్క ఆ చప్పుడు వింటూ నిలబడిపోయింది. వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. ఆపి ఏం చెప్పాలి?

*

కొత్త జోడు పెట్టుకోగానే ఆవిడ చేసిన మొదటి పని, జాకెట్టుకు గుచ్చిన సూది తీసి, దారం లాగేసి, మళ్ళీ ఎక్కించడం. మొదటిసారికే ఎక్కింది. చిన్నపిల్లలా పకపకా నవ్వింది. "చూశావే! చూశావా! కార్ఖానాలో అందరికంటే నాదే ఆలస్యం అని ఆ సూపర్వైజరు ఒకటే నస. రేపు చెప్తా వాడి సంగతి."

మేనమామ మొహం వెలిగిపోయింది. ఆయనకు ఇంతకుమించిన సంబరం లేదు.

తర్వాత ఆవిడ సంచిలోంచి ఫైలు తీసింది. "వాడు కాగితం ఆదా అని పేజీకి నాలుగేసి చొప్పున చిన్నగా అచ్చు తీయించి పెట్టేవాడు. వాడు పోయాక కూడా నేను మానలేదు. మా కార్ఖానా పక్కనే జిరాక్స్ షాపు. ప్రతి భాగం తీయించి ఇందులో పెడుతున్నా. ఏం కనిపించి చచ్చేది కాదు, అన్నీ చీమల బారుల్లా ఉండేవి. అయినా పెట్టా. ఇది చదువుతుంటే చేతిలో పట్టుకుని కూర్చునేదాన్ని."

"అమ్మా, ఇంటికెళ్ళి చూసుకుందువు గానీ," అంది మిణుగురు గబగబా. "బస్సు పోతుంది."

"పోతే ఇంకోటి వస్తుంది." ఆవిడ కాగితాలు తిప్పింది. చాలా నలిగి, మూలలు మెత్తబడ్డ కాగితం దగ్గర ఆగింది. ఏ పేజీయో పెద్దక్క అంత దూరం నుంచే గుర్తుపట్టింది. రేవు, ఉత్తరం, చెల్లెలు.

"ఇప్పుడే రాడు," అని ఆవిడ కూడబలుక్కుంటూ పైకి చదివింది. తనే చదివినందుకు మురిసిపోయి ఇద్దరి వైపూ చూసింది. మళ్ళీ కాగితంలోకి చూసింది. మురిపెం ఇంకా మొహం మీద ఉండగానే కనుబొమలు దగ్గరికొచ్చాయి. జోడు తీసింది. చీరచెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"తల్లీ, నెంబరు ఎక్కడో తప్పిందేమో చూడు."

"ఏమైందమ్మా?" అన్నాడు మేనమామ. "ఏదీ, ఈ అట్ట చదవండి. అన్నిటికంటే కింది వరస."

ఆవిడ కింది వరస గడగడా చదివేసింది.

"నిక్షేపంలా ఉంది నెంబరు. ఇంకేంటి తేడా?"

"తేడా అంటే... ఈ పిల్ల ఏడుస్తోందండీ."

మేనమామ వంగి కాగితంలోకి చూశాడు. "అవును, ఏడుస్తోంది," అన్నాడు మామూలుగా. ఆయనకు ఆ కథ సంగతి ఏం తెలుసు?

"ఎగిరి గంతేసిందని కదే చదివావు నువ్వు?" ఆవిడ మిణుగురును అడిగింది. జవాబు కోసం చూడకుండా కాగితాలు తిప్పడం మొదలుపెట్టింది. అరవై నాలుగు. అరవై ఐదు. తిప్పుతున్న వేలు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగుతోంది. "వీళ్ళు మోకాళ్ళ మీద పడి ఉన్నారు. ఈ ముసలాయన గోడకు తల ఆనించి ఉన్నాడు. ఇదేమో నల్లబట్టలు. ఇక్కడ పువ్వులు. వానాకాలం అని చదివావు కదే. ఇందులో వాన చుక్క ఏదీ?" గొంతు హెచ్చలేదు. ఒక్కో మాటకూ ఇంకా సన్నబడుతోంది. "ఎనిమిది నెలల నుంచి వీళ్ళంతా ఏడుస్తూనే ఉన్నారు. నేను నవ్వుకుంటూ కూర్చున్నా."

మేనమామ ఎవరి మొహం చూడాలో తెలియక మేనకోడలి మొహం చూశాడు. అక్కడ ఏం కనిపించిందో, ఆ నోరు ఊరుకోని మనిషి కూడా మారు మాట్లాడకుండా రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆవిడ తలెత్తింది. కొత్త అద్దాల వెనక కళ్ళు పెద్దవిగా, తడిగా ఉన్నాయి. "రాసేది నువ్వు కదా తల్లీ. నువ్వు చెప్పు. ఈ ఉత్తరంలో ఏముంది?"

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఎనిమిది నెలలుగా మోస్తున్నది దించేయడానికి పెద్దక్క ఊపిరి కూడదీసుకుంది. "పిన్నిగారూ, అందులో నిజానికి..."

"నేనే మార్చమన్నానమ్మా!"

మిణుగురు గొంతు షాపులో ఖంగుమంది. పెద్దక్క ఉలిక్కిపడి చూసింది. ఆ పిల్ల తల్లికీ పెద్దక్కకూ మధ్య వచ్చి నిలబడి ఉంది.

"అక్క తప్పేం లేదు. అక్క సరిగ్గానే రాసింది. నేనే బతిమాలా. అన్నయ్య పోయిన వారం కదా, నువ్వు తట్టుకోలేవని నేనే మార్చమన్నా. అక్కని ఏమనకు."

"కాదు పిన్నిగారూ! తను చెప్పేది అబద్ధం. తనకు రెండు నెలల కిందటి దాకా..."

ఆవిడ చెయ్యెత్తింది. పెద్దక్క మాట అక్కడే ఆగిపోయింది. ఆవిడ చూపు పెద్దక్క మీద లేదు. అసలు ఆ షాపులో ఇంకెవరైనా ఉన్నట్టే ఆవిడకు తెలియడం లేదు. కూతురి మొహంలోకి, చాలా కాలంగా దగ్గర్నుంచి చూడనట్టు చూస్తోంది.

"నేను తట్టుకోలేనని," అంది మెల్లగా.

"అవునమ్మా."

"నేను తట్టుకోలేనని నువ్వు మార్చావు."

"అవునన్నానుగా!"

పెద్దక్క కౌంటరు చుట్టూ తిరిగి రాబోయింది. ఆ పిల్ల నెత్తిన వేసుకున్నది తనది. దాన్ని వెనక్కి తీసుకోవాలి, ఇప్పుడే, ఈ క్షణమే. కానీ ఆవిడ మొహంలో కదులుతున్నది ఇక ఆ కథ గురించి కాదని ఆమెకు అర్థమైంది. ఉన్నచోటే ఆగింది. తను మార్చిన ఒక్క మాట తను ఎన్నడూ అడుగుపెట్టని ఇంట్లో ఇంకేదో తలుపు తెరిచింది. దాన్ని మూసే దారి ఆమెకు తెలియదు.

ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే సర్ది ఫైల్లో పెట్టింది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుంది.

"ఆసుపత్రిలో ఆ చివరి రోజు నువ్వొక్కదానివే ఉన్నావు వాడి దగ్గర. నన్ను రావద్దన్నావు. అన్నయ్య హాయిగా నిద్రపోతున్నాడు, నువ్వొచ్చి లేపకు అన్నావు. సాయంత్రం ఫోను చేసి, నిద్రలోనే పోయాడమ్మా, వాడికేం తెలియలేదు అన్నావు. ఎనిమిది నెలల నుంచి ఆ ఒక్క మాట పట్టుకునే నేను అన్నం తింటున్నా."

మిణుగురు మొహం పాలిపోయింది. చెయ్యి వెనక్కి చాపి కౌంటరు అంచు పట్టుకుంది.

"ఇటు చూడు," అంది తల్లి. "నా కళ్ళలోకి చూసి చెప్పు. అందులో నువ్వేం మార్చావు?"